టైరు ఉమర్ అడిగి కొనండి

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ దిక్కు పాత ఫోర్ వీల్ బండ్లు ఇంకా నడుస్తనే ఉన్నయ్. కొన్ని మహీంద్రా మేజర్‌లు, కొన్ని కమాండర్‌లు, కొన్ని 2010లో మొదలైన తొలి తరం థార్‌లు. అబ్బా కొన్నదాన్ని బేటా నడుపుతడు, మామూ అమ్మేదాన్ని భాంజా కొంటడు. ఇంజన్‌లో ఇంకా పదేళ్ల జాన్ ఉంటది. టైర్లలో మాత్రం ఉండదు. ఆ టైర్లు మార్చే రోజు మన ఇండ్లల్ల జరిగే బహస్ గురించే ఈ నాలుగు మాటలు.

బహస్ ఎప్పుడూ ఒకటే. పిల్లలకు నల్ల అలాయ్ రిమ్ములు కావాలె, మడ్‌గార్డు దాటి బయటికొచ్చే వెడల్పు టైర్లు కావాలె. పెద్దోళ్లకు సస్తాగా అయిపోవాలె, సెకండ్ హ్యాండ్ అయినా సరే, రీబటన్ అయినా సరే. నా రాయ్ ఈ రెండు జట్లకూ ఖిలాఫే. కంపెనీ చెప్పిన సైజులో, ఈమధ్య తయారైన, బరువు మోసే తాకత్ ఉన్న టైర్లు స్టెప్నీతో కలిపి ఐదు కొనాలె. డిస్కులు వంగకుండ, పగలకుండ ఉంటే పాతవే ఉంచాలె. దిఖావాకు పెట్టే పైసలు టైరుకు పెట్టాలె.

మన బండ్లు ఎట్ల నడుస్తయో మనకు తెలుసు గదా! జనవరిలో జాన్‌పహాడ్ ఉర్సుకు పోతే ఖాందాన్ అంతా ఒక్క బండిలోనే. వెనక ఖాలా, ఫుప్పు, వాళ్ల ఒళ్లో పిల్లలు, కాళ్ల దగ్గర ఖానా డేగ్చీ. షాదీకి, వలీమాకు అదే బండి. రాత్రిపూట ఎవరికన్నా తబియత్ ఖరాబైతే హైదరాబాద్ దవాఖానకు అదే బండి. అంత మంది జానోంకీ అమానత్ నాలుగు అరచేతులంత రబ్బరు మీద నిలబడి ఉంటది. టైరు రోడ్డును తాకే జాగా అంతే.

ఆ సఫర్‌లో ఎక్కువ భాగం తారు రోడ్డే. కోదాడ నుంచి సూర్యాపేట మీదుగా హైదరాబాద్‌కు 65వ నంబరు జాతీయ రహదారి. కోదాడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడకు 167. బురద మనకు సాగర్ ఎడమ కాలువ కింది పొలాల బాటల్లో దొరుకుతది, అది కూడా వానాకాలం కొన్నాళ్లే. ఆ కొన్నాళ్ల కోసం ఏడాది పొడుగునా పెద్ద పెద్ద బటన్ల మడ్ టైర్ల మీద తిరగడం ఏం అఖల్‌మందీ? అవి తారు మీద గోల చేస్తయ్, డీజిల్ తాగుతయ్, వాన పడ్డ రోడ్డు మీద బ్రేక్ కొడితే మామూలు టైరంత తొందరగా ఆగవ్. పైగా మనది నల్లరేగడి. ఆ జిగట మట్టి బటన్ల సందుల్ల నిండిపోతే ఎంత ఖరీదు టైరైనా సాఫ్ అయిన టైరే. తారు మీదే తిరిగేవాళ్లకు హైవే టైరు చాలు. పొలం కూడా ఉన్నవాళ్లు ఆల్ టెర్రైన్ తీసుకుంటే జరూరత్ తీరిపోతది.

ఇగ సైజు హిసాబ్. తొలి తరం థార్ సీఆర్‌డీఈకి కంపెనీ ఇచ్చింది 235/70 ఆర్ 16. 235 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 70 అంటే ఆ వెడల్పులో నూటికి డెబ్భై వంతు టైరు గోడ ఎత్తు. ఆర్ అంటే రేడియల్. 16 అంటే రిమ్ము అంగుళాలు. మొత్తం టైరు ఎత్తు సుమారు 735 మిల్లీమీటర్లు. దాని జాగాలో 245/75 ఆర్ 16 వేస్తే ఎత్తు 774 అయితది, అంటే 5 శాతం ఎక్కువ. మీటరు 80 చూపిస్తే బండి 84 మీద ఉరుకుతుంటది. గేర్లు బరువెక్కుతయ్, బ్రేకుకు పని పెరుగుతది, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు బాడీకి రాసుకోవచ్చు. కంపెనీ రాసిచ్చిన తీరుకు భిన్నంగా బండిని మార్చొద్దని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్తది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట గట్టిగా చెప్పింది. రేపు ఖుదా న ఖాస్తా ఏదన్నా అయితే, ఇన్సూరెన్స్ వాళ్లకు కొర్రీ పెట్టే మౌకా మనమెందుకియ్యాలె?

సైజు పక్కనే ఇంకో నంబరు ఉంటది. దాన్ని మనలో చాలామంది చూడనే చూడరు. అది బరువు నంబరు. 105 అని ఉంటే ఒక్క టైరు 925 కిలోలు మోస్తది. 95 అని ఉంటే 690 కిలోలే. ఒక్కో చక్రం దగ్గర 235 కిలోల ఫరక్! రిమ్ముకు పట్టింది గదా అని తక్కువ నంబరు కారు టైరు వేసి, మీద ఖాందాన్‌ను ఎక్కిస్తే అది బచత్ కాదు, జూదం.

ఫోర్ వీల్ బండికి ఇంకో మస్లా ఉంది. ఈ పాత బండ్లల్ల ఫోర్ వీల్ లివర్ వేస్తే ముందు ఇరుసు, వెనక ఇరుసు ఒకదానికొకటి తాళం వేసినట్టు కలిసి తిరుగుతయ్. ముందు కొత్త టైర్లు, వెనక అరిగినవి ఉంటే వాటి ఎత్తుల్లో తేడా ఉంటది. ఆ గుంజులాట అంతా ట్రాన్స్‌ఫర్ కేసు మీద పడుతది. అందుకే ‘ఈసారి రెండు, వచ్చే ఏడాది రెండు’ అనే సర్దుబాటు ఈ బండ్లకు పనికిరాదు. నాలుగూ ఒకే కంపెనీ, ఒకే సైజు, ఒకే బటన్ ఉండాలె. స్టెప్నీ కూడా అదే ఉంచి, ఐదింటినీ వంతులవారీగా తిప్పుకుంటే అన్నీ సమానంగా అరుగుతయ్. పొడి తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వెయ్యనే వద్దు.

అన్నిటికంటే ముఖ్యమైంది టైరు ఉమర్. గోడ మీద డీఓటీ అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలుంటయ్. 1821 అని ఉంటే 2021వ సంవత్సరం 18వ వారంలో తయారైందని మతలబ్. ఒక దుకాణంలో నాకు మంచి డిస్కౌంట్ చెప్పిన్రు. అంకెలు చదివితే ఆ టైరు పుట్టి నాలుగేళ్లు దాటింది. ‘వాడలేదు గద భాయ్, కొత్తదే’ అన్నడు. వాడకపోయినా రబ్బరు ముసలిదైతది, గట్టిపడుతది, గోడ మీద సన్నటి పగుళ్లు వస్తయ్. మన ఇండ్లల్ల పాత జీపు రోజూ తిరగదు. జుమ్మాకు, సంతకు, షాదీలకు తీస్తరు. అందుకే బటన్లు అరగకముందే టైరు ముసలిదైపోతది. నిండుగ కనపడే బటన్లను చూసి భరోసా పెట్టుకోవద్దు. ఐదేళ్లు దాటినంక ఏటా విప్పి లోపల కూడా చూపించాలె, పదేళ్లు దాటితే స్టెప్నీని కూడా తీసెయ్యాలె. ఇగ అరుగుదల సంగతి. బటన్ 1.6 మిల్లీమీటర్లకు వస్తే చట్టం ప్రకారమే మార్చాలె. వానాకాలం రోడ్డెక్కేవాళ్లు 3 మిల్లీమీటర్ల దగ్గరే మార్చుకుంటే మంచిది.

మే నెలలో మన దగ్గర ఎండ 44, 45 డిగ్రీలకు పోతది. ముసలి టైరు, తక్కువ గాలి, ఎక్కువ బరువు, మీద ఆ ఎండ. ఈ నాలుగూ కలిసిన్నాడు టైరు పేలడానికి ఇంకేం కావాలె? గాలి పొద్దున బండి తియ్యకముందే చూసుకోవాలె. తిరిగి తిరిగి వేడెక్కిన టైరులోంచి ‘ఎక్కువైంద’ని గాలి తియ్యొద్దు. చల్లారినంక తక్కువైతది.

ఎంత మంచి టైరైనా నీళ్లతో పోటీ పడదు. 2024 ఆగస్టు ఆఖరున, సెప్టెంబరు 1న పడ్డ వానలు యాదికున్నయ్ గదా! కోదాడలో కార్లు కొట్టుకుపోయినయ్, నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడ్డది. రెండడుగుల పారే నీళ్లు చాలు, జీపునైనా లేపి పక్కకు నెట్టేస్తయ్. ‘ఫోర్ వీల్ ఉంది, మడ్ టైర్లున్నయ్’ అని వాగులో దింపే బహాదురీ మాత్రం వద్దు.

మరి ఇదంతా ఎవరిని అడగాలె? నా మష్వరా, రోడ్డు పక్క పంక్చర్ దుకాణంల కూసున్న మన ఉస్తాద్‌ను అడగండి. షోరూమ్ వాళ్లు టైరును కొత్తగున్నప్పుడు చూస్తరు, ఆయన అది చచ్చిపోయినప్పుడు చూస్తడు. ఏ టైరు గోడ బుడగొస్తది, ఏ అలాయ్ గుంతలో పడితే చిట్లుతది, ఏ రీబటన్ ఎండకు ఊడొస్తది, అన్నీ ఆయన చేతుల మీదుగ పోయినవే. 2025 ఏప్రిల్ 14న హిసార్ సభలో ప్రధాని మోదీ, వక్ఫ్ ఆస్తులను సరిగ్గా వాడి ఉంటే ముస్లిం నౌజవాన్లు పంక్చర్లు వేసుకుంటూ బతకాల్సి వచ్చేది కాదన్నరు. మన పిల్లలు చదువుకోవాలె, పెద్ద కొలువులు చెయ్యాలె, అందులో బహస్ లేదు. లేకిన్ ఆ పనిని వెక్కిరింపుగ వాడే మాటలు విని మనం కూడా ఆ హునర్‌ను చిన్నచూపు చూడొద్దు. రాత్రి పన్నెండింటికి హైవే మీద మన ఖాందాన్‌ను ఇంటికి చేర్చేది ఆ హునరే.

రిమ్ముల మాట మిగిలింది. పాత ఇనుప డిస్కు గుంతలో పడి కొంచెం వంగితే మన ఊర్లనే కొట్టి సరిచేస్తరు. అలాయ్ చిట్లితే పారెయ్యాల్సిందే. ఎట్లనన్నా కొత్తవి కొనాల్సి వస్తే బోల్టుల సంఖ్య ఒక్కటి కలిస్తే చాలదు. బోల్టుల మధ్య దూరం, నడుమ రంధ్రం, రిమ్ము ఎంత బయటికొస్తదనే లెక్క, మూడూ కంపెనీ డిస్కుతో సరిపోవాలె. స్పేసర్లు పెట్టి చక్రాన్ని బయటికి జరిపితే బేరింగులు తొందరగ పోతయ్.

పిల్లల షౌక్‌ను పూరా చంపమని చెప్పను. పాత డిస్కులు విప్పి, తుప్పు గీకి, మంచి నల్ల రంగు కొట్టించండి. మిగిలిన పైసలు ఐదో టైరుకు పనికొస్తయ్.