ఇంటి తెలుగుకు కంప్యూటర్ పీరియడ్‌లో చోటివ్వండి

1991 ఆగస్టులో ఫిన్లాండ్‌లోని హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుతున్న 21 ఏళ్ల కుర్రాడు ఒకడు, తాను సరదాకి ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాసుకుంటున్నానని, అదేమంత పెద్దది కాబోదని తోటి ప్రోగ్రామర్లకు కబురు పెట్టాడు. ఆ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్. ఆ సరదా పనే లినక్స్. ఇప్పుడు మన జేబుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్లకు కూడా అదే పునాది. ఈ కథ కంప్యూటర్ చదివిన పిల్లలందరికీ తెలుసు. అందులో సాధారణంగా వదిలేసే ముక్క ఒకటుంది. ఫిన్లాండ్‌లో ఇంట స్వీడిష్ మాట్లాడేవారు నూటికి ఐదుగురు. టోర్వాల్డ్స్ అలాంటి ఇంటి పిల్లవాడు, స్వీడిష్ బడిలో చదువుకున్నవాడు. అంటే భాషా మైనారిటీ బడి పిల్లవాడు. ఈ పేజీ చదివేవారికి ఆ ముక్క ముందుగా చెప్పాలనిపించింది.

అలాంటి సరదా ఉన్న పిల్లలు ఇవాళ మా కోయంబత్తూరులో, మదురైలో వీధికి ఒకరైనా కనిపిస్తారు. వాళ్ల రోజు ఎలా గడుస్తుందో ఇంట్లో చూస్తూనే ఉన్నాం. ఆరింటికి లేవడం, కాలేజీ బస్సు పట్టుకోవడం. ల్యాబ్‌లో అవుట్‌పుట్ వస్తేనే రికార్డు మీద సంతకం. ప్రోగ్రామును నోటుబుక్కులో పెన్నుతో కూడా రాయాలి. (కంప్యూటర్‌కు చెప్పాల్సిన మాటను కాగితానికి చెప్పించే ఈ ఆచారం ఎప్పుడు పోతుందో!) ఆ పైన ఇంటర్నల్ పరీక్షలు, ప్లేస్‌మెంట్ కోసం ఆప్టిట్యూడ్ క్లాసులు. ఇల్లు చేరేసరికి ఏడు దాటుతుంది. అన్నం తిని, అవ్వతో రెండు మాటలు మాట్లాడి, పది గంటలకు ల్యాప్‌టాప్ తెరిస్తే అప్పుడు మొదలవుతుంది వాళ్ల సొంత పొద్దు.

ఆ వేళ తెరిచే కోడ్‌కు మార్కులు లేవు. ఏ దేశంలోనో ఎవరో రాసి అందరి ముందూ పెట్టిన ప్రోగ్రాములో ఒక తప్పు కనిపెడతారు. దిద్ది పంపుతారు. అవతలివాళ్లు చూసి, ఈ వరుస మార్చు, ఇది పనిచేస్తుందని పరీక్షించి చూపించు అని తిప్పి పంపుతారు. మూడోసారికో నాలుగోసారికో కలుపుకుంటారు. ఇంట్లోవాళ్లకు మాత్రం పిల్లవాడు నిద్ర చెడగొట్టుకున్న సంగతే తెలుస్తుంది. "ఇందులో ఏమొస్తుందిరా?" అని నాయన అడుగుతాడు. పంపుసెట్ల అంగడి నడిపేవాడు, లేత్ మీద నిలబడి బతికినవాడు అలా అడగడంలో తప్పేమీ లేదు.

ఆ నాయనకు జవాబు మా ఊళ్లోనే ఉంది. కోయంబత్తూరు పక్కన కలంగల్‌లో 1893లో తెలుగు ఇంట పుట్టిన జి.డి. నాయుడు బడి చదువు పెద్దగా చదవలేదు. ఒక మోటారు సైకిల్ సంపాదించి, దాన్ని ముక్క ముక్కగా విప్పి మళ్లీ బిగించి యంత్రం గుట్టు నేర్చుకున్నాడని మా పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1920లో ఒక్క బస్సుతో రవాణా వ్యాపారం మొదలుపెట్టాడు. 1937లో పీళమేడులో డి. బాలసుందరం నాయుడితో కలిసి విద్యుత్ మోటారు తయారుచేయించాడు. ఈ ఊరి పంపుసెట్ల పరిశ్రమకు అలాంటి ప్రయత్నాలే పునాది. 2025 అక్టోబరులో అవినాశి రోడ్డు మీద తెరిచిన 10 కిలోమీటర్ల పైవంతెనకు ఆయన పేరే పెట్టారు. ఓపెన్ సోర్స్ అంటే ఏమిటని అడిగే పెద్దలకు మేం చెప్పేది ఇంతే: విప్పి చూడనిచ్చే యంత్రం. సీలు వేయని ఇంజను. చూడవచ్చు, మార్చవచ్చు, మార్చినదాన్ని పదిమందికీ పంచవచ్చు.

ఇక అసలు విషయం. ఈ పిల్లలకు ఇంట తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు, రాత్రిపూట పైథానో జావానో. వీటిలో రాయడం చేతకానిది ఒక్క తెలుగే. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం తమిళాన్ని ఒకటో తరగతి నుంచి ఏడాదికో తరగతి చొప్పున పదో తరగతి దాకా తప్పనిసరి చేసింది. తమిళం నేర్చుకోవడంపై మాకు పేచీ లేదు. ఐదు వందల ఏళ్ల నాడు నాయక రాజుల వెంట వచ్చినవాళ్లం, కరువుకో యుద్ధానికో వలస వచ్చినవాళ్లం. మా ఉప్పూ పప్పూ, పెళ్లీ పేరంటం అన్నీ తమిళంతో కలిసిపోయాయి. చిక్కల్లా తెలుగు పరీక్ష దగ్గర వచ్చింది. పదో తరగతిలో మాతృభాష రాసుకోవడానికి మైనారిటీ బడుల పిల్లలు కోర్టుల నుంచి మినహాయింపులు తెచ్చుకోవలసి వచ్చింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఊరట కూడా ఒక్క ఏడాదికే. ఏటేటా మినహాయింపుతో బతికే భాషను ఏ తల్లి ధైర్యంగా ఎంచుకుంటుంది? సెక్షన్‌లో తలలు తగ్గుతాయి. తలలు తగ్గాయని సెక్షన్ తగ్గుతుంది.

సాఫ్ట్‌వేర్ లోకంలో ఈ తలల లెక్క లేదు. ఫైర్‌ఫాక్స్ తెలుగులో కనిపిస్తోందంటే, లిబ్రెఆఫీస్ మెనూ తెలుగులో తెరుచుకుంటోందంటే, కొద్దిమంది ఔత్సాహికులు తీరిక వేళల్లో కూర్చుని ఒక్కో మాటా తెలుగు చేయడం వల్లే. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు చూపించే లేఖిని 2006లో వచ్చింది. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న ఫాంట్లను ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు, మార్చుకోవచ్చు. రాయల కాలపు కవుల పేర్లు ఇప్పుడు ఫాంట్ల జాబితాలో కనబడుతుంటే మాకు ముచ్చటేస్తుంది.

మా పొరుగును చూడండి. కోయంబత్తూరు నుంచి వాళయారు దాటితే కేరళ. అక్కడ 2001లో కాలికట్ ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థి ఒకరు మొదలుపెట్టిన 'స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్' ఇవాళ మలయాళానికి ఫాంట్లు, కీబోర్డులు, నిఘంటు పరికరాలు చేసిపెడుతోంది. కేరళ ప్రభుత్వ బడుల్లో ఐటీ పాఠం స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తుంది. 2018 నుంచి 'లిటిల్ కైట్స్' పేరుతో ఉన్నత పాఠశాలల్లో పిల్లల క్లబ్బులు పెట్టారు. తమిళంలో పిల్లలు ప్రోగ్రాములు రాసుకోవడానికి 'ఎళిల్' అనే భాషనే తయారుచేశారు. ఇక మదురైలో మా పక్కింటివాళ్లయిన సౌరాష్ట్రుల సంగతి. వారి భాషకు సొంత లిపి ఉన్నా, తెలుగు లిపిలో రాసుకున్న కాలమూ ఉంది. సంఖ్యలో చిన్న సమాజం. అయినా 2008లో సౌరాష్ట్ర లిపి యూనికోడ్‌లో చేరింది. మన తెలుగు లిపికి 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే చోటు దొరికింది. కష్టపడకుండా దొరికిన చోటు కనుక మనం పెద్దగా పట్టించుకోలేదేమో అని ఒక్కోసారి అనిపిస్తుంది.

పట్టించుకోకపోతే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. 'జ్ఞా' అనే అక్షరం ఒక ప్రత్యేక రూపంలో సందేశంగా వస్తే చాలు, ఐఫోన్లలో ఆ సందేశం తెరిచిన యాప్ కూలిపోయేది. జ, దాని కింద ఞ, మధ్యలో కంటికి కనబడని ఒక సంకేతం, ఆ తర్వాత దీర్ఘం. ఈ వరుసను గీయడం ఆ సాఫ్ట్‌వేర్‌కు చేతకాలేదు. తమిళంలో ఇలాంటి ఒత్తులు అరుదు, ఇంగ్లీషులో అసలు లేవు. ఆపిల్ కొద్దిరోజుల్లోనే దాన్ని సరిచేసింది. అయితే సీలు వేసిన ఇంజను కావడంతో ఆ కోడ్‌ను బయటివాళ్లెవరూ దిద్దలేకపోయారు. ఆండ్రాయిడ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో తెలుగు ఒత్తులను అమర్చే హార్ఫ్‌బజ్ అయితే ఓపెన్ సోర్స్. 'జ్ఞా' ఎందుకు తప్పు పడిందో కోయంబత్తూరు పిల్లైనా విప్పి చూడవచ్చు. కానీ చూడాలంటే ముందు 'జ్ఞ' అంటే ఏమిటో, జ కింద ఏ వత్తు వచ్చిందో తెలియాలి. అది కోడింగ్ క్లాసులో చెప్పరు, తెలుగు పంతులమ్మ చెప్పాలి.

మా దగ్గరే పుట్టిన లెక్క ఒకటుంది, దీన్ని విజయవాడలోనో హైదరాబాద్‌లోనో కూర్చున్నవారు ఊహించలేరు. తెలుగు అక్షరాలు రాని మా పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు కూడా, వాట్సాప్‌లో తెలుగును తమిళ లిపిలో రాసుకుంటారు. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ లకు ఒకటే అక్షరం. ప, బ లకూ, త, ద లకూ అంతే. కాబట్టి 'పాట', 'బాట' ఒకేలా ఉంటాయి. 'కాలి' అని రాశారో 'గాలి' అని రాశారో, 'ఫలం' అన్నారో 'బలం' అన్నారో వాక్యం మొత్తం చదివితేగాని తెలియదు. మా అవ్వ మాత్రం వినగానే కనిపెడుతుంది. కంప్యూటర్ కనిపెట్టగలదా? లిపి మార్చే ఓపెన్ సోర్స్ పరికరాలు ఉన్నాయి, 'అక్షరముఖ' వాటిలో చాలా మంచిది. కానీ ఈ కాలి-గాలి తగువును లిపి ఒక్కటే తీర్చలేదు. పక్క మాటలను బట్టి సరైన తెలుగు మాట ఎంచే ప్రోగ్రాము కావాలి, దానికి మా ఇళ్లలో నిజంగా మాట్లాడే వాక్యాలు వేలకొద్దీ కావాలి. ఇంతకంటే మంచి కాలేజీ ప్రాజెక్టు ఏముంటుంది? ఏటా అవే లైబ్రరీ మేనేజ్‌మెంట్, అవే హాజరు పట్టికల ప్రాజెక్టులు చూసి లెక్చరర్లకూ విసుగు పుట్టే ఉంటుంది.

ఇక్కడ పిల్లలకూ ఒక మాట చెప్పాలి. ఓపెన్ సోర్స్ పేరుతో సర్టిఫికెట్ల వేట మొదలైంది. 2020 అక్టోబరులో, మార్పులు పంపినవారికి టీషర్టు ఇస్తారన్న హ్యాక్టోబర్‌ఫెస్ట్‌లో, ఒక్క పనికిరాని మాట చేర్చి పంపినవారు ఎక్కువైపోయారు. ప్రాజెక్టులు నడిపేవాళ్లు తట్టుకోలేక మొరపెట్టుకుంటే, నిర్వాహకులు నెల మొదట్లోనే నిబంధనలు మార్చారు. అందులో మన దేశపు విద్యార్థుల పేరు బాగానే వినబడింది. బయోడేటాలో ఒక వరుస కోసం చేసే పని అవతలివాళ్లకు బరువు. అదే 'పాట'కు, 'బాట'కు తేడా చెప్పే చిన్న ప్రోగ్రాము రాసినవాడు ఉద్యోగం ఇంటర్వ్యూలో అరగంట మాట్లాడగలడు, ఎందుకంటే అది వాడి ఇంటి సమస్య.

మాటల సంగతికొస్తే, కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్‌లో తెలుగు ఇంట పుట్టిన కి. రాజనారాయణన్‌ను తలచుకోకుండా ఉండలేం. తెలుగువారి వలసను 'గోపల్ల గ్రామం'లో తమిళంలో చెప్పాడు, 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం అందుకున్నాడు. కరిసల్ నేల తమిళ మాటలన్నీ ఏరి నిఘంటువు చేశాడు. ఆయన తమిళానికి చేసిన ఆ పనిని, ఆయన ఇంట్లో మాట్లాడిన తెలుగుకు మనం చేయవద్దా? పొలంలో, మగ్గం దగ్గర, వంటింట్లో మా పెద్దలు వాడే మాటల్లో కొన్ని ఆంధ్రలో వినబడటం తగ్గిపోయింది. తెలుగు విక్షనరీ అందరికీ తెరిచే ఉంది. ఒక మాట, దాని అర్థం, ఏ ఊళ్లో ఎవరు వాడతారో రెండు వాక్యాలు. ఇది ఏడో తరగతి పిల్ల కూడా చేయగల పని. అవ్వ ఉండగానే చేయవలసిన పని కూడా.

బడుల కమిటీ పెద్దలను మేం అడిగేది పెద్దదేమీ కాదు. వారంలో ఒక కంప్యూటర్ పీరియడ్ తెలుగు పంతులమ్మకు ఇవ్వండి. ల్యాబ్‌లోని ప్రతి యంత్రంలో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు, రెండు తెలుగు ఫాంట్లు పెట్టించండి. వీటికి పైసా ఖర్చు లేదు. మూలన పడేసిన పాత కంప్యూటర్లు చాలామట్టుకు తేలికపాటి లినక్స్‌తో మళ్లీ లేచి కూర్చుంటాయి. ఇంకోటి: శనివారం మధ్యాహ్నాలు ల్యాబ్ తాళం మా కాలేజీ పిల్లలకు ఇవ్వండి. వాళ్లకు కోడ్ వచ్చు, అక్షరాలు రావు. మీ ఆరో తరగతి పిల్లలకు అక్షరాలు వచ్చు, కోడ్ రాదు. ఇంజనీరింగ్ చదివే అన్నకు 'ఘ'కూ 'ఝ'కూ తేడా దిద్దించే అవకాశం వస్తే ఏ చెల్లెలు వదులుకుంటుంది?

పరీక్షల ఒత్తిడిలో ఇవన్నీ ఎక్కడ కుదురుతాయని ప్రధానోపాధ్యాయులు అంటారు. నిజమే, పదో తరగతికి కుదరదు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు కుదురుతుంది. పరీక్షలో తెలుగు ఉంటుందో ఉండదో కోర్టులు, ప్రభుత్వం తేల్చేదాకా ఆ మూడేళ్లూ మన చేతిలోనే ఉన్నాయి. జూన్‌లో బడి తెరవగానే మొదటి శనివారం చేయడానికి పని కూడా సిద్ధంగా ఉంది: తమిళ లిపిలో రాస్తే ఒకేలా కనబడే తెలుగు మాటల జంటలు. మేం కూర్చుని రాస్తే ఇప్పటికి నలభై దాకా వచ్చాయి. మీ ఇంటి అవ్వను అడిగితే ఇంకా చాలా వస్తాయి.