చిల్లు దీపాన్ని బాయిలోకి దించొద్దు
కెర్నెల్ ట్రేసర్లలో తప్పులు ముందు సరిచేయాలి

లినక్స్ కెర్నెల్ లోపల ఏ ఫంక్షన్ ఎప్పుడు నడిచింది, ఎక్కడ ఆగింది అని చూపించే పనిముట్లు ట్రేసర్లు. కెప్రోబ్స్ 2004లో, ఎఫ్‌ట్రేస్ 2008లో కెర్నెల్‌లో చేరాయి. శ్రీకర్ ద్రోణంరాజు ముందుండి రాసిన యూప్రోబ్స్ 2012లో కెర్నెల్ 3.5తో వచ్చింది. ఇవి దూరంగా నిలబడి చూసేవి కావు, నడుస్తున్న కోడ్‌నే మారుస్తాయి. ఎక్స్86 మీద కెప్రోబ్ ఇన్‌స్ట్రక్షన్ మొదటి బైటు తీసి బ్రేక్‌పాయింట్ పెడుతుంది. ఎఫ్‌ట్రేస్ ఫంక్షన్ మొదట్లో ఉన్న ఐదు బైట్ల ఖాళీ ఇన్‌స్ట్రక్షన్‌ను కాల్‌గా మారుస్తుంది.

ఇలాంటి పనిముట్టులో తప్పుంటే ఏమవుతుందో 2008లోనే తేలింది. కెర్నెల్ 2.6.27 తయారవుతుండగా, దాన్ని పరీక్షిస్తున్నవారి యంత్రాల్లో ఇంటెల్ ఈ1000ఈ నెట్‌వర్క్ కార్డులు చచ్చిపోయాయి. కార్డు ఫ్లాష్‌లోని సమాచారమే చెడింది కాబట్టి రీబూట్ చేసినా లేవలేదు. ముందు డ్రైవర్‌ను అనుమానించారు, గ్రాఫిక్స్ కోడ్‌ను అనుమానించారు. చివరికి పట్టుబడింది ఎఫ్‌ట్రేస్. తాను మార్చాల్సిన చోట్ల చిరునామాలు అది రాసిపెట్టుకునేది. మాడ్యూల్ మొదలయ్యేటప్పుడు మాత్రమే పనికొచ్చే కోడ్‌ను కెర్నెల్ తర్వాత ఖాళీ చేసినా, ఆ చిరునామా పట్టికలోంచి పోలేదు. అదే చిరునామాకు కార్డు ఫ్లాష్ వచ్చి కూర్చుంది. పాత కోడ్ అక్కడే ఉందా అని పోల్చి, ఉంటేనే రాయాలన్నది ఉద్దేశం. కానీ అందుకు వాడిన కంపేర్-ఎక్స్‌ఛేంజ్ ఇన్‌స్ట్రక్షన్ పోలిక కుదరకపోయినా చదివిన విలువను తిరిగి రాస్తుంది. మామూలు మెమరీకి దానివల్ల నష్టం లేదు, ఫ్లాష్‌కు మాత్రం ప్రాణాంతకం. అక్టోబరు 9న 2.6.27 విడుదలైంది. కొద్దిరోజులకే వచ్చిన 2.6.27.1 డైనమిక్ ఎఫ్‌ట్రేస్‌ను ఆపేసింది.

కంచే చేను మేసిందంటే ఇదే. చంద్రపూర్, బల్లార్‌పూర్ బొగ్గుబాయిల పక్కన బతికిన తెలుగు కుటుంబాలకు సేఫ్టీ దీపం సంగతి చెప్పనక్కర్లేదు. గ్యాస్ ఉందో లేదో చెప్పాల్సిన ఆ దీపం జాలీకి చిల్లు పడితే, గ్యాస్‌ను అంటించేది అదే. చిల్లు దీపాన్ని తర్వాత చూద్దామని ఏ బాయిలోకీ దించరు. కెర్నెల్ పనిలో మాత్రం ట్రేసర్ తప్పును "అది డీబగ్గింగ్ కోడే కదా" అని పక్కన పెట్టే అలవాటు ఇంకా ఉంది. ఇది క్షమించరాని అలవాటు.

కార్డు చస్తే కనీసం తెలుస్తుంది. అబద్ధం చెప్పే ట్రేసర్ అంతకన్నా ప్రమాదం. ట్రేసర్ ఈవెంట్లు దాచే రింగ్ బఫర్ నిండితే పాతవి చెరిగిపోతాయి, ఎన్ని పోయాయో అదే లెక్క చెప్పాలి. ఆ లెక్కో, టైంస్టాంపో తప్పితే ఇంజనీరు తప్పులేని చోట రోజుల తరబడి తవ్వుతాడు. అసలు దోషం మాత్రం ఉన్నచోటే ఉండిపోతుంది.

పదిహేనేళ్ల తర్వాతా పాఠం ఒంటబట్టలేదు. ట్రేసింగ్ ఫైళ్లకు మెమరీ ఆదా చేయడానికి 2023లో 6.6తో వచ్చిన ఈవెంట్‌ఎఫ్‌ఎస్ తప్పులతో వచ్చింది. 2024 మొదట్లో లైనస్ టోర్వాల్డ్స్ స్వయంగా దిగి ప్యాచ్‌లు రాయాల్సి వచ్చింది.

పరీక్షలు రాస్తే పని నెమ్మదిస్తుందనే వాదనకు వేరే జవాబు అక్కర్లేదు. ఆ తప్పును వెతకడంలో 2008లో పోయిన వారాలే జవాబు. ట్రేసర్ సవరణ ఏదైనా, ఆ తప్పును మళ్లీ పట్టుకునే పరీక్ష కెర్నెల్‌తోనే వచ్చే ఎఫ్‌ట్రేస్ సెల్ఫ్‌టెస్టుల్లో చేరకుండా స్వీకరించకూడదు. తప్పు ఏ కమిట్‌తో వచ్చిందో "ఫిక్సెస్" వరుసలో చెప్పాలి. వాడుకలో ఉన్న స్టేబుల్ కెర్నెళ్లకూ ఆ సవరణ వెంటనే వెళ్లాలి.

ఈ పనికి పెద్ద కంపెనీ అక్కర్లేదు. చంద్రపూర్ ఇంజనీరింగ్ కాలేజీల్లో చదివే తెలుగు విద్యార్థులు ఒక వర్చువల్ మెషీన్‌లో కొత్త కెర్నెల్ కట్టి, ఆ సెల్ఫ్‌టెస్టులు నడపగలరు. ఫెయిలైన ప్రతి పరీక్షనూ లాగ్‌తో సహా మెయింటైనర్లకు పంపాలి. అధ్యాపకులు దాన్ని ప్రాజెక్టు పనిగా లెక్కించాలి.