చౌక భూమి

పట్టణములందు ఉద్యోగములు చేయు మనవారిలో పలువురు, పల్లెలో రెండెకరములు కొని, ఇల్లు కట్టుకొని, పాడిపంటలతో బ్రతుకవలెనని కోరుచున్నారు. కోరిక మెచ్చదగినదే. కాని చౌకయని వినగానే బయానా ఇచ్చుట తగదు. పొరుగు చేనికి లేని చౌక ఈ చేనికేల కలిగెనో మొదట విచారింపవలెను.

అది నిరుపేదకు ప్రభుత్వ మిచ్చిన అసైన్డు భూమి కావచ్చును. అట్టి భూముల విక్రయమును 1977 నాటి శాసనము నిషేధించినది. 2023లో ఆంధ్రప్రదేశమున కొంత సడలింపు కలిగినను, అది అన్ని పట్టాలకును వర్తింపదు. ఏజెన్సీలోని భూమియైనచో, గిరిజనేతరునికి అమ్ముటను 1970 నాటి రెగ్యులేషను ఒప్పదు. ఇట్టి భూమిని తెల్లకాగితముపై కొన్నవాడు సొమ్ము కోల్పోవును. అమ్మినవాడు బిడ్డల కూడు కోల్పోవును. లాభము దళారిది.

కావున, సబ్ రిజిస్ట్రారు కచేరిలో 22-ఎ నిషేధపు జాబితాను, ఈ.సీ.ని చూడుడు. అడంగలులోని పేరును, పొలములోని హద్దురాళ్లను సరిపోల్చుకొనుడు. బావిలో నీటిని వైశాఖమున చూడుడు. బండి పోవు బాటకు హక్కు కలదేమో కనుగొనుడు.

పేదవాని నోటి కూడుపై కట్టిన యింట సుఖముండదు. ధర కొంత హెచ్చైనను, హక్కు నిక్కమైన భూమియే చౌకయని మేము తలచెదము.