లవంగి రాగమా కాదా అన్నది అసలు ప్రశ్న కాదు

జూలై 6న మంగళంపల్లి బాలమురళీకృష్ణ జయంతి వచ్చిందంటే మన పత్రికల్లో మళ్లీ అవే ముక్కలు: ఎనిమిదేళ్ల పిల్లవాడి కచేరీ, నాలుగు సినిమా పాటలు, కొత్త రాగాలు సృష్టించారా లేదా అన్న తగువు. విజయవాడ గవర్నర్‌పేట సభల్లో ఉపన్యాసాలు కూడా ఇంతకు మించి సాగడం లేదు. మొదటి రెండింటితో నాకు పేచీ లేదు. మూడోదాన్ని మాత్రం తప్పుగా అడిగి, తప్పుగానే తీర్పు చెబుతున్నాం.

1980ల్లో వైణికుడు ఎస్. బాలచందర్ ఈ రాగ సృష్టిని గట్టిగా ప్రశ్నించారు. ఆ వివాదం గురించి రాసేవాళ్లంతా ఒక నియమాన్ని ఉదాహరిస్తారు. రాగానికి కనీసం అయిదు స్వరాలుండాలట. బాలమురళి సృష్టిగా చెప్పే లవంగికి ఉన్నవి షడ్జం, శుద్ధ రిషభం, శుద్ధ మధ్యమం, శుద్ధ ధైవతం, అంతే. కనుక అది రాగమే కాదంటారు.

ఆ నియమం మూలాలు వెతుక్కుంటూ వెళితే మతంగుడి 'బృహద్దేశి' ఎదురవుతుంది. నాలుగు స్వరాల పాట ఉండదని మతంగుడు అనలేదు. అది మార్గ సంగీతం కిందికి రాదన్నాడు. ఆ వెంటనే దాన్ని పాడుకునేవాళ్లను వరసగా చెప్పాడు. శబరులు, పుళిందులు, కిరాతులు ఉన్న ఆ వరసలో ఆంధ్రులు, ద్రావిడులు కూడా ఉన్నారు! శాస్త్రం గడప బయట ఉంచిన మన పాత పాటనే బాలమురళి కచేరీ వేదిక ఎక్కించారని నేను అంటాను. లవంగిని అపచారమన్నవాళ్లు, అపూర్వ సృష్టి అన్న అభిమానులు, ఇద్దరూ ఆ పేజీ తిప్పి చూడలేదు.

స్వరాల లెక్క ఒక్కటే రాగాన్ని తేల్చదు. 17వ శతాబ్దిలో వెంకటమఖి 'చతుర్దండి ప్రకాశిక'లో 72 మేళాలు (జనక రాగాలు) లెక్కగట్టాడు. వాటిలో తన కాలానికి వాడుకలో ఉన్నవి 19 మాత్రమేనన్నాడు. తక్కినవి కాగితం మీది గడులు. గడి గీయడం గణితం. ఆ గడిలో ఏ స్వరం మీద నిలవాలో, ఏ గమకం పలకాలో, వినేవాడు దేన్నిబట్టి ఆనవాలు పట్టాలో తేల్చేది కృతి. ఖరహరప్రియకు ఆ పని చేసింది త్యాగరాజు. ఆ త్యాగరాజు శిష్య పరంపర మానంబుచావడి వెంకటసుబ్బయ్య, సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, పారుపల్లి రామకృష్ణయ్య పంతులు మీదుగా బెజవాడలో బాలమురళికి చేరింది. 72 మేళాలకూ ఆయన రాసి కూర్చిన కృతులు 'జనక రాగ కృతి మంజరి'గా అచ్చయిన 1952 నాటికి ఆయనకు పట్టుమని 22 ఏళ్లు. పరిశోధన జరగాల్సింది ఇక్కడ.

చట్టం కూడా ఈ తేడాను గుర్తిస్తుంది. రాగం ఎవరి సొత్తూ కాదు. కృతికి మాత్రం 1957 నాటి కాపీరైట్ చట్టం రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు రక్షణ ఇస్తుంది. 2016 నవంబరు 22న కన్నుమూసిన బాలమురళి రచనలకు ఆ గడువు 2076 చివరిదాకా ఉంది. 1994 సవరణకు ముందు సంగీత రచన అనిపించుకోవాలంటే అది రాతలోనో అచ్చులోనో ఉండి తీరాలి. గురుముఖంగా బతికిన విద్యకు ఆ నిర్వచనం చేసిన అన్యాయం చిన్నది కాదు.

ఇక ప్రభావం సంగతి. 1975లో 'అపూర్వ రాగంగళ్' చిత్రానికి ఎం.ఎస్. విశ్వనాథన్ బాలమురళి సృష్టిగా చెప్పే మహతి రాగంలో పాట కట్టారు. అదీ నాలుగు స్వరాల రాగమే. మరో సంగీతకారుడు చేతిలోకి తీసుకుని పాట కట్టగలిగాడంటే దానికి రూపం ఏర్పడినట్టే కదా. ఏ పండిత సభ తీర్మానం కన్నా నాకు ఈ సాక్ష్యమే బలమైనది.

అయినా ఆ కృతుల జోలికి వెళ్లేవారు తక్కువ. 1952 నాటి పుస్తకాన్ని, తర్వాతి రికార్డులను పక్కపక్కన పెట్టి సంగతులు ఎలా పెరిగాయో చూడాలి. ఆయన కొత్తగా కట్టిన ముఖి తాళాలను లెక్కతో సహా విప్పాలి. ఆకాశవాణి విజయవాడ కేంద్రం భక్తిరంజనిలో ఆయన పాడిన తత్త్వాల ఛాయ నాలుగు స్వరాల రచనల్లో ఉందేమో వెతకాలి. ఉందనే నా నమ్మకం. లేదనేవారు కృతుల్లోంచే ఉదాహరణలు తెచ్చి వాదించాలి. అయిదు స్వరాల నియమం ఒక్కటే పట్టుకొస్తే సరిపోదు.