పెన్న లేని పర్యావరణ పాఠం

పామిడి దగ్గర పెన్న వంతెన మీద నిలబడి కిందికి చూడండి. ఏడాదిలో చాలా నెలలు అక్కడ కనిపించేది నీళ్లు కాదు, ఇసుక. ఆ ఇసుకనూ తోడుకుపోతే మిగిలిన గుంతలు. ఆ గట్టుకు దగ్గర్లోనే బడిలో కూర్చున్న పిల్ల ఓజోన్ పొర చిల్లి గురించి రెండు మార్కుల జవాబు బట్టీ పడుతుంది. పెన్న ఎందుకు ఎండిందని ఆ పిల్లను ఎవరూ అడగరు. ఇది చదువు కాదు. పిల్లకు తన ఊరినే కనబడనీయకుండా చేసే అన్యాయం.

పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1991 నవంబరు 22న పర్యావరణాన్ని చదువులో తప్పనిసరి చెయ్యమంది. పన్నెండేళ్లు గడిచినా పని కాలేదని 2003 డిసెంబరు 18న మళ్లీ గట్టిగా ఆదేశించింది. ఆ ఆదేశాన్ని మనం ఏం చేశాం? ఇంటర్‌లో ఒక అర్హత పరీక్షగా, డిగ్రీలో ఆరు నెలల పేపరుగా కుదించాం. నిర్వచనాలు, రకాలు, నివారణోపాయాలు. గట్టెక్కితే చాలు, మరుసటి రోజుకు మరిచిపోవచ్చు.

నేను అడిగేది ఒక్కటే. మన పిల్లలకు కరువును కథల్లోంచి చెప్పండి. సీమ కథల్లోంచి, సీమ నవలల్లోంచి చెప్పండి.

కథలు కల్పితం, పర్యావరణం సైన్సు అనేవాళ్లున్నారు. సైన్సు కావాల్సిందే. పడమటి కనుమల వానచాటున ఉన్నాం కాబట్టి మన ఉమ్మడి అనంతపురం జిల్లాకు ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వానే దిక్కని సైన్సే చెప్పాలి. కానీ పడిన ఆ కాస్త వానను ఏం చేసుకున్నామన్నది మనుషుల సంగతి. చెరువులు పూడనిచ్చాం. ఊటకాలువలు మూసుకుపోనిచ్చాం. కొర్ర, జొన్న వదిలేసి ఉమ్మడి జిల్లాలో ఒక దశలో 7 లక్షల హెక్టార్లకు పైగా ఒక్క సెనక్కాయే పెట్టాం. ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేస్తే ఏడాది కష్టమంతా మట్టిలోనే పోతుందని తెలిసి కూడా పెట్టాం. వందల అడుగుల లోతుకు బోర్లు దింపాం. దింపిన ప్రతి అడుగు వెనకా ఒక మనిషి నిర్ణయముంది. దాంట్లో అప్పుంది, ఆశ ఉంది, పక్క చేనాయన బోరులో నీళ్లు పడ్డాయన్న పంతముంది, పెళ్లికెదిగిన కూతురుంది. భూగర్భజలాల పటంలో ఇవేవీ కనబడవు. కథలో కనబడతాయి.

ఆ కథలు మనకు లేక కాదు. తరిమెలలో పుట్టిన విద్వాన్ విశ్వం 1956లోనే 'పెన్నేటి పాట'లో పెన్న ఒడ్డు పేదవాడు రంగడి బతుకు చెప్పాడు. అది పద్యమైనా చెప్పింది కథే. సింగమనేని నారాయణ తన కథకు 'జూదం' అని పేరు పెట్టాడు. సీమ సేద్యం గురించి ఇంతకంటే సూటిగా చెప్పే మాట ఏ పాఠ్యపుస్తకంలో ఉంది? మన పొరుగున కడప జిల్లా రచయిత సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి రాసిన 'కొండపొలం' 2019లో తానా నవలా బహుమతి గెలిచింది, 2021లో సినిమాగానూ వచ్చింది. కింద నీళ్లూ మేతా కరువైతే గొర్రెల్ని తోలుకుని నల్లమల ఎక్కే కాపరుల కథ అది. అడవి, జంతువు, మనిషి ఒకరి మీద ఒకరు ఎట్లా ఆధారపడి బతుకుతారో ఆ నవల చదివిన పిల్లకు వేరే చెప్పనక్కర్లేదు. అయినా పర్యావరణ పాఠం చెప్పే అయ్యవారి బల్ల మీద ఈ పుస్తకాలు ఉండవు.

తెలుగు వాచకంలో ఒక కథ పెట్టి చేతులు దులుపుకుంటే సరిపోదు. కవి పరిచయం, సారాంశం, నీతి అంటూ ముక్కలు చేస్తే అక్కడా ఆ కథ చచ్చిపోతుంది. కథ చివర నీతి వద్దు. ఎవరిది తప్పు, ఎవరు నష్టపోయారు, నువ్వయితే ఏం చేసేవాడివి అన్న ప్రశ్నలు చాలు. ఆ ప్రశ్నల మీద తరగతి గదిలో గొడవ జరగాలి. ఒక పిల్ల రైతు పక్షాన, ఇంకొకడు ఇసుక ట్రాక్టరు నడిపే కూలి పక్షాన నిలబడి వాదించాలి.

కథ చదివితే వాన పడుతుందా అని అడుగుతారు. పడదు. కానీ ఈ పిల్లలే రేపు తహశీల్దార్లవుతారు, సర్పంచులవుతారు, బోరు వేయాలా వద్దా అని తేల్చుకోవాల్సిన రైతులవుతారు. ఇసుక అనుమతి కాగితం ముందుకొచ్చిన రోజు వాళ్లకు ఓజోన్ నిర్వచనం గుర్తొచ్చి లాభం లేదు. రంగడు గుర్తు రావాలి.

అందుకే అడుగుతున్నా. ఉమ్మడి అనంతపురం జిల్లాలోని ప్రతి ఉన్నత పాఠశాలలో ఏడాదికి ఒక సీమ నవల మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదివించండి. కొన్ని పాఠాలు పెన్న ఇసుకలో కూర్చోబెట్టి చదివించండి. ఆ నవల మీద పరీక్ష పెట్టొద్దు. పిల్ల ఇంటికెళ్లి అవ్వ పక్కన కూర్చుని అడగాలి: అవ్వా, నీ చిన్నప్పుడు చెలమ ఎంత లోతు తీస్తే నీళ్లూరేవి? మన మొదటి బోరు ఎప్పుడెండింది? అవ్వ చెప్పింది నోటుబుక్కులో రాసుకుని మర్నాడు బడికి తేవాలి. పర్యావరణ పాఠం అక్కడ మొదలుపెట్టండి.