మిగిలిన గంట ఎవరిది?

మన మిల్లు లైన్ ఇండ్లలో పుట్టిన పిల్లలు ఇప్పుడు మిల్లుకు పోవడం లేదు. పోదామన్నా అన్ని మిల్లులు లేవు. ఇంజనీరింగు చదువుతారు, రెండు మూడేండ్లు ఏదో ఒక ఆఫీసులో ఉంటారు, తర్వాత "మేమే ఒక కంపెనీ పెడతాం" అంటారు. దానికి స్టార్టప్ అని పేరు. పేరు కొత్తదే గాని పని మనకు కొత్త కాదు. మన జి.డి. నాయుడు గారు 1920లో ఒక్క బస్సు కొని పొల్లాచ్చికీ పళనికీ మధ్య తిప్పినారు. ఆ రోజు దాన్ని ఎవరూ స్టార్టప్ అనలేదు, అంతే.

మా చెల్లెలి మనవడు, వాని స్నేహితులు ఇద్దరు కలిసి పీళమేడులో ఒక మేడగది బాడుగకు తీసుకొని అట్లాంటిది మొదలుపెట్టినారు. బడిలో టీచర్లకు పని తగ్గించే ఏఐ చేస్తారంట. పాఠానికి ముందు రాసే నోట్సు అదే రాసిస్తుంది, ప్రశ్నపత్రం తయారుచేస్తుంది, పిల్లల నోటుబుక్కును ఫోటో తీస్తే తప్పులు దిద్దుతుంది. మా కోడలు ప్రాథమిక బడిలో టీచరు. ఆమెను అడిగి తెలుసుకోవాలని పోయిన సంవత్సరం వాడు మా ఇంటికి వచ్చినాడు. నేను పక్కన కూర్చుని వింటా ఉంటిని.

"అత్తా, రోజులో నీకు ఏ పనికి ఎక్కువ టైము పడుతుంది?" అన్నాడు.

"కరెక్షనుకురా" అంది మా కోడలు. వాడు రాసుకున్నాడు.

నేను ఊరుకోలేకపోయినాను. "అట్ల అడిగి రాసుకుంటే ఎట్లరా? మిల్లులో మమ్మల్ని ఎవరూ అడగలేదు, కొలిచినారు" అన్నాను.

మన చదువరుల్లో వయసైనవాళ్ళకు ఇది బాగా తెలుసు. కోయంబత్తూరులో 1956లో సిట్రా పెట్టినారు కదా, దక్షిణ ఇండియా మిల్లులకు పరిశోధన చేసే సంస్థ. ఒక మనిషి ఎన్ని సైడ్లు చూడగలడు, ఎంత పని ఇవ్వచ్చు అనే లెక్కలు కట్టడం కూడా వాళ్ళ పనుల్లో ఒకటి. అట్లాంటి లెక్క కట్టేవాళ్ళు స్టాప్‌వాచ్ పట్టుకొని సైడరు వెనకాలే నడుస్తారు. గంటకు ఎన్ని పోగులు తెగినాయి, ఒక్కొక్కటి అతికేదానికి ఎన్ని సెకండ్లు, దాని దగ్గరికి నడిచేదానికి ఎంత, శుభ్రం చేసేదానికి ఎంత, అన్నీ అట్టమీద పేపరు పెట్టుకొని రాస్తారు. సైడరును అడిగితే "పోగులు అతికేదే పని" అంటాడు. కొలిస్తే తెలుస్తుంది, అతికేది కొంచెమే, నడక ఎక్కువ. మా కోడలు కరెక్షను అనింది ఎందుకంటే అది ఇంటికి మోసుకొని వచ్చే పని. రాత్రి అన్నం తిన్నాక నోటుబుక్కుల కట్ట ముందేసుకుంటుంది. బడిలో జరిగేది ఆమెకే గుర్తుండదు.

హెడ్‌మాస్టరమ్మ ఒప్పుకున్నాక వాడు మూడు రోజులు పోయి తరగతిలో వెనక బెంచీలో కూర్చున్నాడు. వచ్చి నోటు చూపించినాడు. మొదటి రోజు పాఠం చెబుతా ఉండగా టీచరు పదకొండు సార్లు ఫోను తీసింది. హాజరు ఆప్‌లో ఎక్కించాలి, ఇంత గంటలోపల అని గడువు. పొద్దున టిఫిను ఎందరు తిన్నారో ఎక్కించాలి. ఏదో కార్యక్రమం జరిగితే ఫోటో పెట్టాలి. నడుమ పైనుంచి వాట్సాప్‌లో ఒకటి వస్తుంది: ఫలానా పట్టీ వెంటనే పంపండి. ఒక్కొక్కటి మూడు నిమిషాలో నాలుగు నిమిషాలో. కాని ఆ నాలుగు నిమిషాలకు ముప్ఫై మంది పిల్లలు చెయ్యి జారిపోతారు. మళ్ళీ వాళ్ళను కూర్చోబెట్టి, ఎక్కడ విడిచినామో అక్కడికి తెచ్చేదానికి ఇంకో ఐదు నిమిషాలు. మన భాషలో చెప్పాలంటే అది తెగిన పోగు. అతికే టైము మాత్రం లెక్క పెడితే చాలదు.

ఇక్కడ ఒక మాట. పొద్దుటి టిఫిను పథకాన్ని నేను తప్పు పట్టను. 2022 సెప్టెంబరు 15న మదురైలోనే ముఖ్యమంత్రి దాన్ని మొదలుపెట్టినారు. మొదటి షిఫ్టుకు తల్లి తండ్రి ఇద్దరూ పోయే ఇండ్లలో పిల్లలు ఏమి తిని బడికి పోయినారో మనకు తెలియనిదా? అదే 2022లో 'ఎణ్ణుం ఎళుత్తుం' వచ్చింది, చిన్న తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్క గట్టిపడాలని. అదీ మంచిదే. కాని ప్రతి మంచిపనికీ ఒక లెక్క, ప్రతి లెక్కకూ ఒక ఆప్, దాన్ని ఎక్కించే చెయ్యి మాత్రం ఒకటే.

చట్టం లేదా అంటే ఉంది. 2009 విద్యాహక్కు చట్టంలో 27వ సెక్షను, జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప చదువుకు సంబంధం లేని పనికి టీచర్లను పెట్టకూడదు అంటుంది. ఫోనులో ఎక్కించే పనిని ఎవరూ 'వేరే పని' అనరు కదా! తరగతిలో నిలబడే చేస్తారు.

ఆంధ్రలో 2025లో విద్యాశాఖ ఆప్‌లన్నీ కలిపి లీప్ అని ఒకటే చేసినారు. దానికి ఏఐ అక్కరలేదు. ఒకే వివరం నాలుగుచోట్ల అడగకుండా ఉంటే చాలు. మా వాడికి ఇది చెబితే మొదట నచ్చలేదు. "తాతా, ఆప్‌లు తగ్గించడం గవర్నమెంటు చేతిలో ఉంది, మా చేతిలో లేదు" అన్నాడు. అదీ నిజమే.

ఇట్లాంటి ఏఐలు వేరేచోట్ల ఏమి చేసినాయని అడిగినాను. వాడు చెప్పినవి రాస్తాను. కర్ణాటకలో శిక్షణ ఫౌండేషన్ అనే సేవాసంస్థ, బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ వాళ్ళు కలిసి 'శిక్షా కోపైలట్' అని 2023లో సర్కారు బళ్ళలో వాడి చూసినారు. ఆ రాష్ట్రపు పాఠ్యపుస్తకం పట్టుకొని పాఠం నోట్సు తయారుచేస్తుంది, కన్నడంలో కూడా. టీచరు దాన్ని మార్చుకోవచ్చు. గంట పట్టే రాతపని నిమిషాల్లో అవుతుంది. అమెరికాలో మ్యాజిక్‌స్కూల్ అని ఒకటి, ముందు హెడ్‌మాస్టరుగా చేసిన మనిషే 2023లో పెట్టినాడు.

నాకు వీటన్నిటికంటే ఇంగ్లండు లెక్క నచ్చింది, ఎందుకంటే అది కొలిచిన లెక్క. 68 బళ్ళలో 259 మంది సైన్సు టీచర్లను రెండు భాగాలు చేసి, ఒక భాగానికి చాట్‌జీపీటీ వాడమన్నారు, ఇంకో భాగానికి వద్దన్నారు. వాడనివాళ్ళకు ఆ తరగతుల పాఠాలు తయారుచేసుకునేదానికి వారానికి సుమారు 81 నిమిషాలు పట్టింది. వాడినవాళ్ళకు 56. మిగిలింది వారానికి 25 నిమిషాలు. 2024 చివర్లో ఈ ఫలితం బయటపెట్టినారు. 25 నిమిషాలు తక్కువేం కాదు, ఒక కాఫీ, ఒక మనిషితో మాట. కాని ప్రకటనల్లో చెప్పేంత కూడా కాదు. "మీరు ముగ్గురూ దీనికి పైన ఎంత మిగులుస్తారో కొలిచి చెప్పండి, మాటల్లో కాదు" అన్నాను.

ఇక నోటుబుక్కు దిద్దే సంగతి. దీంట్లో మా కోడలు పట్టుకున్న తప్పు మీకు చెప్పాలి. తమిళంలో రెండు సుళ్ళ న ఉంది, మూడు సుళ్ళ ణ ఉంది. పిల్లలు తప్పు చేసేది అక్కడే. ఒక పిల్ల మూడు సుళ్ళు రాయాల్సిన చోట రెండే రాసింది. వీళ్ళ ఏఐ ఫోటో చూసి సరి అని టిక్కు పెట్టింది. ఎందుకంటే అది పిల్ల రాసింది చదవలేదు, ఆ మాటకు ఏ అక్షరం రావాలో దానికి ముందే తెలుసు, అదే ఉందనుకొని చదివింది. పెద్ద ఆఫీసులో ఉత్తరాలు చదివేదానికి అది మంచి గుణం. బడిలో అదే దోషం. పిల్ల తప్పు చేసిందని తెలిసేదానికే కదా నోటుబుక్కు తెమ్మనేది!

మిల్లులో యార్న్ క్లియరరు ఉంటుంది చూడండి, ఊస్టరు అంటే అందరికీ తెలుసు. నూలులో లావు, సన్నం వస్తే కోస్తుంది. సెట్టింగు వదులుగా పెడితే చెడ్డ నూలు దాటిపోతుంది, బిగిస్తే ప్రతి చిన్నదానికీ కోసి మిషను ఆగుతా ఉంటుంది. కొన్న దినమే సరిగా ఉండదు, మన నూలుకు మనం సెట్ చేసుకోవాలి. వీళ్ళూ అట్లే నాలుగు నెలలు కూర్చున్నారు. ఇప్పుడు సందేహం వచ్చిన చోట టిక్కు పెట్టకుండా పసుపు గీత గీసి టీచరుకు వదిలిపెడుతుంది. ఇంకోటి కూడా చెప్పినాను. పిల్లల నోటుబుక్కు ఫోటోలు ఎక్కడికి పోతాయి? 2023లో వచ్చిన వివరాల రక్షణ చట్టం పద్దెనిమిదేండ్ల లోపల పిల్లలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. మేము పేరు, ఫోటో ముఖం తీసుకోము, రాత మాత్రమే తీసుకుంటాము అన్నాడు. రాత మాత్రమైనా ఇంట్లో అడిగి తీసుకోమన్నాను.

ఇంతవరకూ మాకు పెద్ద పేచీ రాలేదు. పేచీ వచ్చింది అమ్మేచోట.

సర్కారు బడికి అమ్మాలంటే చెన్నై పోవాలి, టెండరు, ఏండ్లు పడుతుంది. కాబట్టి ముందు ప్రైవేటు బళ్ళకు అమ్ముతారు. మన ఇండ్లలో ఎందరు ఆడపిల్లలు, కోడళ్ళు ప్రైవేటు బళ్ళలో టీచర్లుగా ఉన్నారో లెక్క పెట్టుకోండి. జీతం చెప్పుకోలేనిది. ఒక బడి యజమాని వీళ్ళ ఏఐ చూసి బాగుంది అన్నాడంట. ఒక్కటే అడిగినాడంట: ఏ టీచరు ఎన్ని నోటుబుక్కులు దిద్దింది, ఎన్ని నిమిషాల్లో దిద్దింది, ఎవరు వెనకబడినారు, ఇదంతా తన ఆఫీసులో తెరమీద కనబడాలి. మా వాడు అదేదో చిన్న పనిలాగా చెప్పినాడు. "డ్యాష్‌బోర్డు తాతా, రెండు రోజుల్లో చేసేస్తాం."

అప్పుడు నేను నా కథ చెప్పినాను. నేను మిల్లులో చేరినప్పుడు నాకు రెండు సైడ్లు. తర్వాత మంచి స్పిండిల్లు వచ్చినాయి, మంచి పత్తి వచ్చింది, పోగులు తెగేది తగ్గింది. పని సుఖం అవుతుందని అందరం అనుకుంటిమి. ఆ వెనకనే స్టాప్‌వాచ్ వచ్చింది. తెగేది తగ్గింది కాబట్టి ఇంకా చూడగలవు అని లెక్క. నేను పని విడిచేటప్పటికి ఆరు సైడ్లు. కోన్ వైండింగులో చేతితో ముడి వేసే ఆడవాళ్ళ పని, ఆటోకోనరు వచ్చి తానే అతికేస్తుంటే, తగ్గలేదు, మనుషులే తగ్గినారు. మిషను మీద నాకు కోపం లేదు, ఆ దుమ్ములో ముడులు వేసి వేళ్ళు పోయినవాళ్ళను చూసినాను. కొలత ఎవరి చేతిలో ఉందో, మిగిలిన గంట వాళ్ళదే అయింది. సంగం గట్టిగా ఉన్నచోట కొంత కూలి పెరిగింది, లేనిచోట అదీ లేదు. మన మిల్లులోనైనా సంగం ఉండింది. ప్రైవేటు బడి టీచరమ్మకు ఏముంది? నలభై నోటుబుక్కులు గంటలో అయితే, రేపు ఇంకో సెక్షను ఇస్తారు.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కాని తాతా, డబ్బు ఇచ్చేది యజమాని. ఆయనకు ఏమీ కనబడకపోతే ఎందుకు కొంటాడు? మాకు అప్పు ఉంది" అన్నాడు. దీనికి నా దగ్గర సులువైన జవాబు లేదు. కంపెనీ మూతపడితే టీచరుకూ లాభం లేదు, వానికీ లేదు.

మా కోడలు చెప్పిందే చివరికి కుదిరింది. బడి మొత్తానికి ఎంత టైము మిగిలింది అనేది యజమానికి చూపించండి, పేరుపేరునా వద్దు. ఎవరి లెక్క వాళ్ళకే కనబడాలి, వాళ్ళు కావాలంటే చూపించుకుంటారు. బడికి ఇచ్చే కాగితంలో, దీని లెక్క చూసి తరగతులు పెంచకూడదు అని ఒక షరతు రాయండి. షరతు ఎంత నిలుస్తుందో నాకు అనుమానమే. అయినా రాత ఉంటే ఆమె చేతిలో పట్టుకునేదానికి ఒక కాగితం ఉంటుంది. ఆ యజమాని ఇట్లయితే వద్దన్నాడు. వేరే ఇద్దరు చూస్తామన్నారు. వీళ్ళు ముగ్గురూ పగలు వేరేవాళ్ళకు కంప్యూటరు పని చేసి బాడుగ కడుతున్నారు.

జూన్‌లో బళ్ళు తెరిచినప్పుడు మొదలుపెట్టాలని ఉన్నారు. అంతకుముందు ఇంకా కొన్ని తరగతులు కొలవాలంట, ముఖ్యంగా మదురై వైపు, ఒకే టీచరు రెండు మూడు తరగతులు కలిపి చూసే బళ్ళలో. మన కుటుంబాల్లో టీచర్లు ఎవరైనా వెనక బెంచీలో ఒక పిల్లవాణ్ణి మూడు రోజులు కూర్చోనిస్తామంటే పత్రిక ఆఫీసుకు ఒక కార్డు రాయండి, నాకు చేరుస్తారు. హెడ్‌మాస్టరు గారి ఒప్పుదల ముందే తీసుకోండి. వాడు మధ్యాహ్నం అన్నం తానే తెచ్చుకుంటాడు.