ఒక్కడే రెండు మంత్రాలు పట్టలేడు!

"సినిమా పత్రికలో పాచికలాట గొడవేమిటి మాస్టారూ?" అని మీరు అడగబోతున్నారని తెలుసు. కాస్త ఓపిక పట్టండి. ఈ వారం కబురు కూడా సినిమా దగ్గరే మొదలైంది.

కిందటి వేసవిలో టెక్సాస్‌లో మా అమ్మాయి ఇంట్లో నాలుగు నెలలున్నాను. ఓ రాత్రి మనవడు "తాతయ్యా, మీ విఠలాచార్య సినిమాలాంటిది చూపిస్తా రా" అని టీవీ ముందు కూలేశాడు. 2023లో వచ్చిన "డంజన్స్ అండ్ డ్రాగన్స్: హానర్ ఎమంగ్ థీవ్స్". ఓ దొంగల ముఠా ఖజానాలోకి దూరాలి. వాళ్ల దగ్గర ఒక మంత్రదండం ఉంది. దాంతో ఇక్కడో ద్వారం, అక్కడో ద్వారం తెరవొచ్చు. ఇందులో దూరితే అందులోంచి బయటికి! ఒక ద్వారాన్ని ఓ పటానికి అతికించి, ఆ పటాన్ని ఖజానాకు వెళ్లే సామాన్లలో కలిపేశారు. ఆలోచన భేషుగ్గా ఉంది. తీరా చూస్తే పటం లోపల బోర్లా పడింది. ద్వారం తెరిస్తే ఎదురుగా నేలబండ!

నేను పకపకా నవ్వాను. వాడు నవ్వలేదు. "ప్రతి వారం మేం బల్ల దగ్గర చేసేది ఇదే తాతయ్యా" అన్నాడు.

అన్నట్టు, ఆ ఆట సంగతి తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికాలో దీన్ని అచ్చువేశారు. ఒక పెట్టె, అందులో మూడు చిన్న పుస్తకాలు. మొదటి విడత వెయ్యి పెట్టెలే! నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకడు కథ నడుపుతాడు. వాణ్ణి డంజన్ మాస్టర్ అంటారు. మన భాషలో దర్శకుడనుకోండి. మిగతావాళ్లు పాత్రధారులు. "ఏం చేస్తావు?" అంటాడు దర్శకుడు. చెప్పాలి. ఫలించిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. స్పీల్‌బర్గ్ తీసిన "ఇ.టి." (1982) చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, మొదట్లో పిల్లలు వంటింటి బల్ల దగ్గర ఆడేది ఇలాంటి ఆటే.

గైగాక్స్ ఇంట్లోనూ పిల్లలే ముందు ఆడారట. ఆయన పెద్దకొడుకు ఎర్నెస్ట్ పేరులోని అక్షరాలు తారుమారు చేస్తే వచ్చిందే "టెన్సర్" అనే మాంత్రికుడి పేరు. ఇంకో కొడుకు పాత్ర "మెల్ఫ్". ఇద్దరి పేర్లతోనూ మంత్రాలున్నాయి. తండ్రి ప్రేమ అలా కూడా ఉంటుంది మరి!

సరే, మా ఇంటి బల్ల సంగతికి వద్దాం. మనవడు మాంత్రికుడు. వాళ్లక్క డ్రూయిడ్, అంటే అడవిని నమ్ముకున్న మంత్రగత్తె. ఓ స్నేహితుడు ఊరు మారిపోతే ఖాళీ అయిన పూజారి పాత్ర నా నెత్తిన పడింది. ముప్పయ్యేళ్లుగా జానపద చిత్రాల మీద రాస్తున్నవాణ్ణి, నాకు మంత్రాలు కొత్తా? అనుకున్నాను. బోర్లా పడ్డాను, ఆ పటంలాగే!

మొదటి రోజే నా తెలివి చూడండి. "ఒరేయ్, నువ్వు గ్రీజ్ మంత్రం వెయ్యి, నేను కాగడా విసురుతా, భగ్గుమంటుంది" అన్నాను. నూనె మండాలి కదా! పిల్లలంతా గొల్లున నవ్వారు. ఆ జిడ్డు జారడానికే తప్ప మండదట. 2024లో సవరించిన పుస్తకంలో మండదని ఏకంగా రాసేశారు. నాలాంటి తాతలు చాలామందే తగిలి ఉంటారు. మండేది వెబ్, అంటే సాలెగూడు. దానికి నిప్పంటిస్తే అంటుకున్న మేర చిటికెలో కాలిపోతుంది. లోపల చిక్కినవాడికి దెబ్బ తగులుతుంది. కాని ఒక్కటే తిరకాసు. గూడు కాలితే చిక్కినవాడు విడుదలవుతాడు. దెబ్బ కావాలా, కట్టు కావాలా తేల్చుకోవాలి.

రెండో వారం ఇంకో ఘనకార్యం. ఎదుట దుష్ట మాంత్రికుడు. వాడు నోరెత్తి మంత్రం చదవకుండా నేను సైలెన్స్ వేశాను. ఇరవై అడుగుల మేర చీమ చిటుక్కుమన్నా వినపడదు. శభాష్ అంటారనుకున్నాను. "తాతయ్యా, నా షాటర్ వృథా!" అని మనవడు తల పట్టుకున్నాడు. షాటర్ చప్పుడుతో బద్దలుకొట్టే మంత్రం. చప్పుడే లేనిచోట ఇక బద్దలేమిటి?

మన పౌరాణికాల్లో ఆగ్నేయాస్త్రం వేస్తే అవతలివాడు వారుణాస్త్రం వేస్తాడు. ఒకదాన్నొకటి మింగేస్తుంది. అది శత్రువుల మధ్య. ఇక్కడ మా జట్టులోనే ఒకరి మంత్రం ఒకరిది మింగుతోంది!

అసలు కీలకం ఆ ఆటలోని ఒక నియమంలో ఉంది. దాన్ని కాన్సంట్రేషన్ అంటారు, ఏకాగ్రత. కొంతసేపు నిలిచి ఉండే పెద్ద మంత్రాలు చాలావాటికి అది కావాలి. ఒక మనిషి ఒకసారి అలాంటిది ఒక్కటే పట్టి ఉంచగలడు. రెండోది మొదలుపెడితే మొదటిది జారిపోతుంది. అంటే అలాంటివి రెండు కలపాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఎంతటి మొనగాడైనా సరే.

జులై చివరివారం. ఆగస్టులో అక్క కాలేజీకి దూరపు ఊరు వెళ్లిపోతోంది. ఇంట్లో పెట్టెలు సర్దుతున్నారు. మనవడు పది రోజులుగా ముభావంగా ఉన్నాడు. ఆ రాత్రి ఆటలో సొరంగంలోంచి గాబ్లిన్లు, అంటే మరుగుజ్జు రాక్షసులు, వచ్చిపడ్డారు. అక్క నేలనిండా ముళ్లు మొలిపించింది. అది స్పైక్ గ్రోత్. శత్రువు అందులో అయిదు అడుగులు కదిలినప్పుడల్లా రెండు పాచికల దెబ్బ. తమ్ముడు ఆమెకేసి చూడకుండానే వాళ్లమీద సాలెగూడు విసిరాడు. గూట్లో చిక్కినవాళ్లు కదలరు. కదలనివాళ్లకు ముల్లు గుచ్చుకోదు. రెండు మంచి మంత్రాలు, ఫలం సున్న!

"ఒక్కమాట నన్నడగొచ్చుగా!" అంది అక్క.

"వెళ్లిపోతున్నావుగా, ఇక నిన్నడిగేదేమిటి?" అన్నాడు వాడు.

నేను వెయ్యకుండానే బల్ల చుట్టూ సైలెన్స్ పడింది.

రాత్రి వాడి పక్కన పడుకుని మెల్లగా కదిపాను. చాలాసేపు గోడకేసి చూశాడు. "ఒక్కడే రెండు పట్టలేడు తాతయ్యా. అక్క వెళితే రెండోది ఎవరు పడతారు?" అన్నాడు. వాడు ఆట గురించి చెబుతున్నాడా? ఏమో, నేను మాత్రం మంత్రాల గురించి ఆలోచించలేదు. నీతులు చెప్పబుద్ధి కాలేదు. తెల్లారాక కాఫీ తాగుతూ ఆ మాట పెద్దదానికి ఉన్నదున్నట్టు చెప్పాను. అది ఏమీ అనలేదు.

ప్రయాణానికి ముందు శనివారం ఆఖరి ఆట. ఎదురుగా ఆగర్, అంటే బండరాక్షసుడు. అక్క తమ్ముడివైపు తిరిగి, "ఒరేయ్, ముళ్లు నేను పరుస్తా. నువ్వు వల వెయ్యకు. వాణ్ణి దగ్గరకు రానిచ్చి తొయ్యి" అంది. వాడు తలూపాడు. రాక్షసుడు ముళ్లన్నీ దాటుకుని మీదకొచ్చాడు. తమ్ముడు థండర్‌వేవ్ వేశాడు. దానికి ఏకాగ్రత అక్కర్లేదు, పిడుగులాంటి తోపు. పది అడుగులు వెనక్కి, మళ్లీ ముళ్లలోకి! నాలుగు ముఖాల పాచికలు నాలుగు నా చేతిలో పెట్టారు. పదమూడు పడింది. వాడు తిరిగి రావాలంటే మళ్లీ ఆ పది అడుగులే, మళ్లీ నాలుగు పాచికలే. నడిపించినా దెబ్బే, తోసినా దెబ్బే. ఈలోగా చాటునుంచి ఓ బాణం అక్కకు తగిలింది. ఏకాగ్రత చెదిరితే ముళ్లు మాయం. పది పడాలి. అందరం ఊపిరి బిగబట్టాం. పన్నెండు! తమ్ముడు కుర్చీలోంచి ఎగిరి అక్క వీపుమీద చరిచాడు. పది రోజుల తర్వాత వాడు ఆమెను ముట్టుకోవడం అదే. రెండోసారి తిరిగి వస్తూ రాక్షసుడు ముళ్లమీదే కూలాడు.

నేను హైదరాబాదు వచ్చేశాను. పెద్దది హాస్టల్లో ఉంది. ఇప్పుడు వాళ్లకు శనివారం రాత్రి ఎనిమిదిన్నర, అంటే నాకు ఆదివారం పొద్దున్న ఏడు గంటలకి కంప్యూటర్ తెర మీద ముగ్గురం కలుస్తున్నాం. సైలెన్స్ వేసేముందు మాత్రం నేను మనవణ్ణి అడుగుతున్నాను, "నీ చేతిలో ఏముందిరా?" అని.

మీ ఇంట్లో అలా అడిగి ఎన్నాళ్లయింది? ఈ ఆదివారం ఓసారి అడిగి చూడండి. వచ్చే వారం మళ్లీ మన సినిమా కబుర్లే లెండి!